టేపుల గదిలో సైరన్

శవం మూడో ర్యాకుకీ నాలుగో ర్యాకుకీ మధ్య పడి ఉంది.

నలభై దాటిన ఆడమనిషి. ఒంటి మీద ఆఫీసు వాళ్లిచ్చిన నీలం కోటు. కుడిచేతి కింద ఒక టేపు పెట్టె. పక్కనే పొట్టి స్టూలు ఒకటి పక్కకి ఒరిగిపోయి ఉంది.

రక్తం లేదు. పెనుగులాట ఆనవాళ్లు లేవు.

గదిలో గ్యాస్ పూర్తిగా పోయిందని ఫైర్ వాళ్లు చెప్పాక ఇన్‌స్పెక్టర్ లోపలికి అడుగుపెట్టింది. శవం పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. చనిపోయినామె కళ్లద్దాలు ముక్కు మీదే ఉన్నాయి. ఒక అద్దం పగిలింది.

"పేరేంటి?"

"రిజిస్టర్లో పేరు వేరే ఉంది మేడమ్. ఇక్కడందరూ 'టేపులక్క' అనే పిలుస్తారట," అన్నాడు వెనక నిలబడ్డ హెడ్ కానిస్టేబుల్. "ఇరవై ఏళ్ల సర్వీసు."

అది పాత రికార్డింగులు దాచే ఆర్కైవ్. ఎప్పుడో పోయిన పాటగాళ్ల గొంతులు, రేడియో నాటకాలు, ఉపన్యాసాలు. వేల టేపులు. నిప్పంటుకుంటే నీళ్లు చల్లడానికి లేదు, టేపులు పాడైపోతాయి. అందుకే ఆ గదికి కార్బన్ డయాక్సైడ్ సిలిండర్లు బిగించారు. పొగ కనిపెట్టగానే ముందు సైరన్ మోగుతుంది. నలభై సెకన్ల తర్వాత గ్యాస్ గదిని నింపేస్తుంది. ఆ నలభై సెకన్లలో లోపలివాళ్లు బయటపడాలి.

ఆ మధ్యాహ్నం మూడుంబావుకి సైరన్ మోగింది. బిల్డింగులో ఉన్నవాళ్లంతా బయటికి పరుగెత్తారు. టేపులక్క ఒక్కతే రాలేదు.

ఇన్‌స్పెక్టర్ లేచి తలుపు దగ్గరికి వెళ్లింది. లోపలి నుంచి వేలితో తోసింది. తేలిగ్గా తెరుచుకుంది.

"గడియ లేదా?"

"లేదు మేడమ్. లోపలున్నవాళ్లు ఇరుక్కోకూడదని పెట్టలేదట."

"ఆమె పడ్డచోటి నుంచి తలుపు దాకా ఎంత?"

హెడ్ కానిస్టేబుల్ నడిచి చూశాడు. "పరుగెత్తక్కర్లేదు మేడమ్. మా ఆవిడ నడకతో వచ్చినా అయిదారు సెకన్లు."

ఇన్‌స్పెక్టర్ ఆ తలుపు వంక చాలాసేపు చూసింది.

*

డైరెక్టర్ తన గదిలో నీళ్లు తాగుతున్నాడు. మనిషి నిజంగానే కదిలిపోయాడు. కానీ మాట మాత్రం తయారుగా ఉంది.

"చెప్పకూడదు గానీ మేడమ్, ఆవిడ కావాలనే ఉండిపోయింది."

"ఎందుకనుకుంటున్నారు?"

"రెండేళ్ల కిందట కొడుకు పోయాడు. ఒక్కడే పిల్లాడు. అప్పట్నుంచి మనిషి మనిషిగా లేదు. సైరన్ మోగింది. తలుపుకి గడియ లేదు. రాలేదు. ఇంకేం అనుకోమంటారు?"

"సైరన్ ఆ గదిలో మోగిందని ఎవరు చెప్పారు?"

"మా మెయింటెనెన్స్ టెక్నీషియన్ అప్పుడే చెక్ చేశాడు. అంతా పర్ఫెక్ట్."

టెక్నీషియన్‌ని పిలిపించారు. చేతిలో పసుపు రంగు మల్టీమీటర్. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఏం చెక్ చేశావు?"

"అలారం హారన్ మేడమ్. అదే, గోడమీది లౌడ్‌స్పీకర్. దాన్ని విప్పి తెచ్చి నా బెంచి మీద మోగించాను. చెవులు చిల్లులు పడ్డాయి. హారన్‌లో తేడా లేదు."

"దానికొచ్చే వైరు?"

"అదీ చూశాను. అలారం ప్యానెల్లో సైరన్ ఆన్ చేసి, గోడ దగ్గర వైరు కొసల్లో మీటర్ పెట్టాను. వంద వోల్టులు. ఎంత రావాలో అంతే వచ్చింది."

"లోపల దీపంలాంటిది?"

"ఎర్ర లైటు తలుపు నెత్తిన ఉంది మేడమ్. వెలుగుతోంది. కానీ ర్యాకుల మధ్య నిలబడితే కనిపించదు."

"అంటే చెవులే గతి."

"అంతే మేడమ్." అతను తల దించుకున్నాడు. "హారన్ బాగుంది. లైన్ బాగుంది. అక్క ఎందుకు రాలేదో నాకు అంతు చిక్కట్లేదు."

"పొగ ఎక్కడ్నుంచి వచ్చింది?"

"తేమ లాగే మెషిన్ నుంచి. దాని మోటార్ వేడెక్కి కాలింది. ఫైర్ వాళ్లు ఆపేదాకా తిరుగుతూనే ఉంది. పది రోజులే అయింది దాన్ని తెచ్చి పెట్టి."

*

టేపుల గది పక్కదే సౌండ్ ఇంజనీర్ గది. పాత టేపులు ప్లే చేసి కంప్యూటర్లోకి ఎక్కించడం అతని పని. ముప్పై ఏళ్లుంటాయి. అతని ముందు రెండు టేపు మెషిన్లు, వాటి మీద సిగ్నల్ లెవల్ చూపించే ముళ్ల మీటర్లు. ముళ్లు రెండూ సున్నా దగ్గర నిద్రపోతున్నాయి.

"ఆమెకు మీరేమవుతారు?"

"ఏమీ కాను మేడమ్. అక్కా అని పిలిచేవాణ్ణి. రోజూ ఇద్దరం కలిసి తినేవాళ్లం."

"సైరన్ విన్నారా?"

"కారిడార్‌లో ఉన్న హారన్ విన్నాను. బయటికి పరుగెత్తాను. అక్క కూడా వచ్చేసి ఉంటుందనుకున్నాను. గుంపులో వెతికాను. లేదు. తిరిగి లోపలికి పోబోతే నలుగురూ పట్టుకున్నారు. అప్పటికే గ్యాస్..."

"ఆమె ప్రాణం తీసుకునే మనిషా?"

అతను తల అడ్డంగా ఊపాడు. ఏదో చెప్పబోయాడు.

ఇన్‌స్పెక్టర్ ఆగింది. అతను మాత్రం ఆగిపోయిన ముళ్ల వంకే చూస్తూ కూర్చున్నాడు.

*

ఆమె భర్త దర్జీ. ముందుగదిలోనే కుట్టు మెషిన్. సగం కుట్టిన కోటు ఒకటి సూది కిందే ఉండిపోయింది. చుట్టాలెవరో లోపల వంటింట్లో గిన్నెలు సర్దుతున్నారు.

అతను ఇన్‌స్పెక్టర్‌ని కూర్చోమన్నాడు. తను నిలబడే ఉన్నాడు.

"నేనే చంపానండీ," అన్నాడు.

హెడ్ కానిస్టేబుల్ ఉలిక్కిపడ్డాడు. ఇన్‌స్పెక్టర్ కదల్లేదు.

"ఎలా?"

"ఆ పొద్దున అన్నాను. 'ఇంట్లో నువ్వు బతికున్నావో లేదో కూడా తెలియట్లేదు' అన్నాను. పిల్లాడు పోయినప్పట్నుంచి మాటల్లేవు మా మధ్య. విసిగిపోయి అన్నాను. తను ఏమీ అనలేదు. చెప్పులేసుకుని వెళ్లిపోయింది." అతను గోడకి చేరగిలబడ్డాడు. "అంతా అంటున్నారు, సైరన్ మోగినా కదల్లేదని. నా మాట తలుచుకునే ఉండిపోయింది. నాకు తెలుసు."

"పిల్లాడికి ఏమైంది?"

"జ్వరం మెదడుకెక్కింది. అంబులెన్సులో తీసుకెళ్తుంటే ట్రాఫిక్‌లో చిక్కుకుపోయాం. సైరన్ అలా మోగుతూనే ఉంది. తన ఒళ్లోనే..." అతను సూది కింది కోటు వైపు తిరిగాడు. "తర్వాత ఏ సైరన్ విన్నా తను వణికిపోయేది. ఆఫీసులో నెలకోసారి అలారం టెస్టు చేస్తారు. ఆ రోజు ఇంటికొస్తే అన్నం ముట్టేది కాదు. ఈ నాలుగు నెలల్నుంచే కాస్త నయం. టెస్టు రోజున కూడా మామూలుగా వచ్చేది. మెల్లగా తేరుకుంటోంది అనుకున్నాను."

ఇన్‌స్పెక్టర్ ముందుకు వంగింది. "నాలుగు నెలల్నుంచా?"

"అటూ ఇటూగా."

"అంబులెన్సులు వీధిలో పోతే?"

అతను ఆలోచించాడు. "అవి మాత్రం... మొన్న ఆదివారం కూడా అంబులెన్సు పోతుంటే చెవులు మూసుకుని వంటింట్లో కూలబడింది."

ఇన్‌స్పెక్టర్ సెలవు తీసుకుని లేచింది.

గుమ్మం దాటాక హెడ్ కానిస్టేబుల్ గొంతు తగ్గించాడు. "ఏంటి మేడమ్ ఆలోచన?"

"వీధిలో సైరన్‌కి భయపడే మనిషి, ఆఫీసులో సైరన్‌కి ఎందుకు భయపడట్లేదు?"

*

మూడో రోజు పొద్దున డైరెక్టర్ ఫోన్ చేశాడు. రిపోర్టు ఎప్పుడిస్తారని మర్యాదగానే అడిగాడు. ఆత్మహత్య అని రాస్తే ఆర్కైవ్ మళ్లీ తెరుచుకోవచ్చని అతని ఆశ.

పోస్టుమార్టం రిపోర్టు బల్ల మీద ఉంది. ఊపిరాడక మరణం. ఒంటి మీద గాయాల్లేవు, నుదుటి మీద స్టూలు నుంచి పడ్డ దెబ్బ తప్ప.

స్టూలు ఎక్కి నిలబడి ఉంది. టేపు తీస్తోంది. చావాలనుకున్న మనిషి ఆ నలభై సెకన్లూ పని చేసుకుంటూ ఉంటుందా?

అప్పుడే చెమటలు కక్కుతూ హెడ్ కానిస్టేబుల్ వచ్చాడు.

"ఆలస్యమేంటి హెడ్‌గారూ?"

"స్కూటర్ మేడమ్. మళ్లీ మొండికేసింది. బ్యాటరీ షాపులో మీటర్ పెట్టి చూస్తే పన్నెండు వోల్టులూ ఉన్నాయి. సెల్ఫ్ నొక్కితే మాత్రం కుయ్ మని మూలిగి చచ్చిపోతుంది. అచ్చం మా అల్లుడే. చూడ్డానికి నిండుగా ఉంటాడు, పని నెత్తిన పడితే చాలు కూలబడిపోతాడు."

ఇన్‌స్పెక్టర్ నవ్వబోయి ఆగిపోయింది.

"మీటర్ పెడితే పన్నెండూ ఉన్నాయా?"

"ఉన్నాయి మేడమ్. లోడ్ పడితేనే..."

ఆమె అప్పటికే ఫోన్ అందుకుంది. టెక్నీషియన్ ఎత్తాడు.

"ఆ రోజు నువ్వు వైరులో వంద వోల్టులు చూశావు కదా. అప్పుడు హారన్ ఎక్కడుంది?"

"విప్పేశాను కదా మేడమ్. నా బెంచి మీద ఉంది."

"హారన్ తగిలించి ఉండగా ఎప్పుడైనా చూశావా?"

అవతల మీటర్ బల్ల మీద పెట్టిన చప్పుడైంది.

"లేదు మేడమ్," అన్నాడతను.

"నెలనెలా టెస్టులో?"

"ప్యానెల్ దగ్గర బటన్ నొక్కి కారిడార్‌లో నిలబడి వింటాను. అక్కడ నాలుగు హారన్లు మోగుతాయి. టేపుల గది తలుపు మూసి ఉంటుంది. దానిలోది విడిగా వినలేదు."

"హారన్ పట్టుకుని టేపుల గదికి రా. అందర్నీ అక్కడికే పిలుస్తున్నాను."

*

గదిలో ఇన్‌స్పెక్టర్ కాక అయిదుగురు. డైరెక్టర్ గడియారం చూసుకుంటున్నాడు. సౌండ్ ఇంజనీర్ తలుపు దగ్గర నిలబడ్డాడు, లోపలికి రాలేనట్టు. దర్జీ మూడో ర్యాకు వైపు చూడకుండా గోడవైపు తిరిగి ఉన్నాడు. హెడ్ కానిస్టేబుల్ అతని పక్కనే నిలబడ్డాడు. స్టూలు మీద టెక్నీషియన్.

సిలిండర్ల వాల్వులు కట్టేసి ఉన్నాయి. ఇన్‌స్పెక్టర్ రెండుసార్లు చూసుకుంది.

"ముందు ఉత్త వైరు," అంది. "ప్యానెల్ దగ్గరున్న కానిస్టేబుల్‌ని సైరన్ ఆన్ చెయ్యమను."

కారిడార్‌లో సైరన్ గోల పెట్టింది. హెడ్ కానిస్టేబుల్ తలుపు మూశాడు. గోల సన్నబడింది.

"వంద," అన్నాడు టెక్నీషియన్ మీటర్ చూస్తూ.

"ఇప్పుడు హారన్ తగిలించు."

అతను రెండు స్క్రూలు బిగించాడు. మళ్లీ మీటర్ పెట్టాడు.

"తొమ్మిది."

హారన్ మోగుతోంది. మోగుతోందని తెలియడానికి అందరూ ఊపిరి బిగబట్టాల్సి వచ్చింది. పక్కింట్లో చంటిపిల్ల ఏడుస్తున్నట్టు ఉంది ఆ చప్పుడు.

"తొమ్మిదేంటి?" డైరెక్టర్ అడిగాడు. "ఇప్పుడే కదా వంద అన్నావు!"

ఇన్‌స్పెక్టర్ అతని వైపు తిరిగింది.

"ఇంట్లో పైపు ఎక్కడో పూడుకుపోయిందనుకోండి. కొళాయి కట్టేసి ఉన్నంతసేపూ ప్రెషర్ నిండుగానే ఉంటుంది. తిప్పితే తెలుస్తుంది, సన్నటి ధార. మీటర్ అంటే కట్టేసిన కొళాయి. లైన్లోంచి అది ఏమీ లాక్కోదు. అందుకే వంద చూపించింది. హారన్ అంటే తిప్పిన కొళాయి. దానికి పవర్ కావాలి. పది వాట్లు అందాల్సిన చోట ఇప్పుడు వాటులో పదో వంతు కూడా అందట్లేదు."

"అంటే లైన్లో ఏదో అడ్డం ఉంది," అన్నాడు టెక్నీషియన్ మెల్లగా. "హారన్ బాగుందని విడిగా చూశాను. లైన్ బాగుందని విడిగా చూశాను. రెంటినీ కలిపి చూడలేదు."

"ఎవరూ చూడలేదు. ఇంకొకటి ఉంది. ఆ మెషిన్."

మూలనున్న తేమ మెషిన్‌కి పరీక్ష కోసం కొత్త మోటార్ వేసి ఉంది. హెడ్ కానిస్టేబుల్ స్విచ్ నొక్కాడు. హోరుమంటూ గాలి మొదలైంది.

హారన్ వినిపించడం మానేసింది. కారిడార్‌లోని గోల కూడా.

హారన్ మోగుతూనే ఉంది. మీటర్లో తొమ్మిది అలాగే ఉంది. ఆ గదిలో ఒక్కరికీ వినిపించలేదు.

దర్జీ మొట్టమొదటిసారి గోడ నుంచి ఇటు తిరిగాడు. తలెత్తి హారన్ వైపు చూశాడు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు.

ఇన్‌స్పెక్టర్ మెషిన్ ఆపించింది. సైరన్ ఆపించింది.

"ఆ రోజు మీ ఆవిడ స్టూలెక్కి టేపు తీస్తోంది. పక్కన ఈ హోరు. ఆవిడకు ఏ సైరనూ వినిపించలేదు. గ్యాస్ చప్పుడు విని ఉన్నా అప్పటికి రెండు మూడు ఊపిర్లే మిగిలాయి. ఆవిడ ఉండిపోలేదండీ. తెలిసుంటే వచ్చేసేది."

దర్జీ నేల మీద కూర్చుండిపోయాడు.

ఇన్‌స్పెక్టర్ టెక్నీషియన్‌ని అడిగింది. "ఈ వైరు ఎటు నుంచి వస్తుంది?"

"ప్యానెల్ నుంచి కారిడార్ దాటి, సౌండ్ ఇంజనీర్ గది సీలింగ్ మీదుగా, అక్కడ జంక్షన్ బాక్స్..."

"నిచ్చెన తీసుకురా."

"అక్కర్లేదు మేడమ్."

తలుపు దగ్గర్నుంచి వచ్చింది ఆ గొంతు. సౌండ్ ఇంజనీర్ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"బాక్సులో రెసిస్టర్ ఉంది. కరెంటుకి అడ్డుపడే చిన్న ముక్క, పది కిలో ఓమ్స్‌ది. నేనే పెట్టాను."

"ఎందుకు?"

"అక్క కోసం." అతను గోడ పట్టుకున్నాడు. "నాలుగు నెలల కిందట టెస్టు రోజున ఏదో టేపు కోసం ఈ గదిలోకొచ్చాను. సైరన్ మోగుతోంది. అక్క ఆ మూల రెండు ర్యాకుల మధ్య ముడుచుకుని కూర్చుంది. చెవులు మూసుకుని. 'ఆపమను తమ్ముడూ, ఎవర్నైనా అడిగి ఆపించు' అంటోంది. పిల్లాడి సంగతి అప్పుడే తెలిసింది నాకు. నేను సౌండ్ వాణ్ణి కదా. రోజూ చేసే పనే, ఎక్కువైన సిగ్నల్‌ని తగ్గించడం. ఆదివారం వచ్చి పెట్టాను. మోగించి ఇక్కడే నిలబడి విన్నాను. మెల్లగా, కానీ స్పష్టంగా వినిపించింది. అప్పుడు గది నిశ్శబ్దంగా ఉండేది మేడమ్. సూది పడినా వినిపించేంత."

"ఆమెకు చెప్పారా?"

"చెప్పలేదు. తర్వాతి టెస్టు రోజున తనే వచ్చి, 'ఈసారి అంత భయమెయ్యలేదు తమ్ముడూ' అంది. సంతోషించాను."

"మెషిన్ వచ్చినప్పుడు?"

"దాన్ని బిగించేటప్పుడు నేను ఇక్కడే ఉన్నాను. హోరు ఎక్కువగా ఉందని అక్కతో నేనే అన్నాను. రెసిస్టర్ గుర్తు రాలేదు. ఒక్కసారి గుర్తొచ్చినా..."

టెక్నీషియన్ స్టూలు దిగాడు.

"ఎప్పుడు గుర్తొచ్చింది?" ఇన్‌స్పెక్టర్ అడిగింది.

"బయట గుంపులో అక్క కనిపించనప్పుడు."

"అయినా మూడు రోజులు నోరు విప్పలేదు. ఆవిడ కావాలనే చచ్చిపోయిందని ఊరంతా అంటుంటే విన్నారు. ఈయన తనే చంపానని గోడకి తల కొట్టుకుంటుంటే ఊరుకున్నారు." ఆమె గొంతు పెంచలేదు. "మీరు రెసిస్టర్ పెట్టింది జాలితో. దాన్ని నేను అర్థం చేసుకోగలను. ఈ మౌనం ఎవరి మీద జాలి?"

అతను ముఖం చేతుల్లో దాచుకున్నాడు. "తీసేద్దామని రెండుసార్లు నిచ్చెనెక్కాను మేడమ్. తీసేస్తే ఎవరికీ తెలిసేది కాదు. చెయ్యి రాలేదు. చెబుదామంటే నోరు రాలేదు."

డైరెక్టర్ గొంతు సవరించుకున్నాడు. "అయితే రిపోర్టులో..."

"ఆత్మహత్య అనే మాట ఉండదు," అంది ఇన్‌స్పెక్టర్. "కొత్త మెషిన్ పెట్టినప్పుడు ఈ గదిలో సైరన్ వినిపిస్తుందో లేదో చూడమని మీరు ఎవరికీ చెప్పలేదన్న మాట మాత్రం ఉంటుంది."

అతను మళ్లీ గడియారం చూసుకోలేదు.

హెడ్ కానిస్టేబుల్ సౌండ్ ఇంజనీర్ దగ్గరికి నడిచాడు. భుజం మీద చెయ్యి వేశాడు. "పద బాబూ."

"ఒక్క నిమిషం," అన్నాడు దర్జీ.

నేల మీద నుంచి లేచాడు. నెమ్మదిగా వచ్చి సౌండ్ ఇంజనీర్ ఎదురుగా నిలబడ్డాడు. కొడతాడేమోనని హెడ్ కానిస్టేబుల్ అడ్డం రాబోయాడు. ఇన్‌స్పెక్టర్ వద్దన్నట్టు చెయ్యెత్తింది.

"ఆ రోజు నువ్వే కదా తనతో కలిసి తిన్నది?"

"అవును బావగారూ."

"ఏమైనా మాట్లాడిందా?"

"మాట్లాడింది."

"నా గురించి?"

సౌండ్ ఇంజనీర్ కళ్లు తుడుచుకున్నాడు.

"నా చొక్కా గుండీ వేలాడుతుంటే చూసింది. 'పెళ్లి కాకపోతే మాత్రం ఇలా తిరగాలా' అని కసిరింది. 'రేపు ఇంకో చొక్కా వేసుకుని దీన్ని తీసుకురా, పట్టుకెళ్లి మా ఆయనకిస్తాను. గుండీ కుట్టమంటే అరిగిన కాలరు కూడా తిప్పి కుట్టేస్తాడు, చేతిలో సూది ఉంటే ఆ మనిషి ఊరుకోలేడు' అంది. నవ్వింది కూడా."

"నవ్విందా?"

"నవ్వింది బావగారూ."

దర్జీ అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. కోపంతోనో, పడిపోకుండా ఉండడానికో ఎవరికీ తెలియలేదు.

ఇన్‌స్పెక్టర్ మిగతా అందరినీ సైగతో బయటికి పంపింది. తను కూడా కారిడార్‌లోకొచ్చి తలుపు దగ్గరగా వేసింది. జీపు సిద్ధంగా ఉందని డ్రైవర్ వచ్చి చెప్పాడు. ఉండమంది.

లోపల్నుంచి దర్జీ గొంతు వినిపించింది.

"ఇంకోసారి చెప్పు. ఏమందో, మొదట్నుంచీ."